యాభై నాలుగో తరం

నా భార్య జగ్గమ్మ పోయిన పదకొండో రోజు నాడే వేట నిషేధం మొదలైంది. పడవలన్నీ ఇసుక మీదికి లాగేశారు. అరవై ఒక్క రోజులు ఎవడూ సముద్రంలోకి వెళ్లకూడదు. భోజనానికి వచ్చినవాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు. చచ్చిపోయిన మనిషి గురించి ఒక్కడు కూడా ఒక్క మాట అనలేదు.

చివరికి అన్నవాడు నా బావమరిది వైకుంఠరావు. వాడికి బరంపురంలో జిరాక్స్ షాపు ఉంది. చాప మీద కూర్చున్నా ఇస్త్రీ నలగదు.

"బావా, మా అక్క బొమ్మలు నాకిచ్చీ."

అవి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. కోడిగుడ్డంత ప్లాస్టిక్ బొమ్మలు. ఒక్కోదానికి తపాలా బిళ్లంత తెర, కింద మూడు మీటలు. తెర మీద చుక్కలతో చేసిన ఒక పిల్ల పుడుతుంది. ఆకలేస్తే కూస్తుంది, దొడ్డికెళితే కూస్తుంది, జబ్బు చేస్తే కూస్తుంది. చూసుకుంటే పెరుగుతుంది, చూసుకోకపోతే చస్తుంది. పాతికేళ్ల కింద పిల్లలు వాటి కోసం ఏడ్చారు. తర్వాత పారేశారు. జగ్గమ్మ బరంపురం బజారులో ఎండుచేపలు అమ్ముకుని, పాత సామాన్ల బండ్ల మీద వాటిని ఏరుకుని వచ్చేది. పద్నాలుగు పోగుచేసింది. పదమూడు పాడైనవి. ఒకటి మాత్రం బతికుంది.

ఆ బతికినదానికి జోడు వైకుంఠరావు దగ్గర ఉంది. రెండు బొమ్మల తలలు ఆనించి మీట నొక్కితే లోపలి పిల్లలకు పెళ్లవుతుంది. మర్నాడు ఇద్దరి తెరల మీదా చెరొక గుడ్డు. తరం అంకె ఒకటి పెరుగుతుంది. అక్కా తమ్ముడూ ఏళ్ల తరబడి వాటికి మేనరికాలు చేసుకుంటూ వచ్చారు. జగ్గమ్మ పోవడానికి నాలుగు రోజుల ముందు పుట్టినది యాభై మూడో తరం.

"ఎందుకివ్వాలి?" అన్నాను.

"నీ సేతిలో బతకదు కాబట్టి." వాడు గొంతు తగ్గించలేదు. "మా అక్కకి జొరమొచ్చిన మూడు రోజులు నువ్వెక్కడున్నావు? ఒక్క పేనాన్ని సాకలేనోడివి, దీన్నేటి సాకుతావు?"

విస్తళ్ల దగ్గరి వాళ్లంతా ఇటు తిరిగారు. నేను సముద్రం మీద ఉన్నమాట నిజం. ఆ దూరంలో ఫోను మోగదన్నదీ నిజం. అది వాడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"పడవలు మళ్లీ ఎల్లే రోజుకి ఈ వంశం నా ఇంట్లో బతికుంటే ఏటంటావు?"

"బతికుంటే పద్నాలుగూ నీయే. ఇదే గుమ్మంలో, అందరి ముందూ తప్పొప్పుకుంటాను. సస్తే డబ్బా నాది." కాస్త ఆగి నవ్వాడు. "ఓ మాట బావా. నా బొమ్మని మాత్రం అడక్కు. నీ పిల్లకి మొగుణ్ణి నువ్వే సూసుకో."

అప్పుడు అందరూ నవ్వారు. ఎందుకంటే ఆ పిల్లలు నలభై రోజులకు మించి ఉండవు. ఈలోగా పెళ్లయితే గుడ్డు మిగులుతుంది. లేకపోతే తెర ఖాళీ. మళ్లీ ఒకటో తరం నుంచి మొదలు. ఆ రోజుకి నా పిల్లకి పదిహేను రోజులు. అంటే ఇంక ఇరవై అయిదు రోజులు నా చేతిలో ఉన్నాయి.

*

మా అబ్బాయి రాజా మర్నాడే గోవా పడవల్లో పనికి వెళ్లిపోయాడు. అటువైపు నిషేధం తర్వాత వస్తుంది. ఇంట్లో నేనూ నా కోడలు సస్మితా మిగిలాం.

సస్మితది ఛత్రపూర్. ఒడియా వాళ్ల పిల్ల. రెండేళ్ల కింద రాజా ఇష్టపడి చేసుకున్నాడు. ఆ పెళ్లికి నేను వెళ్లలేదు. వైకుంఠరావూ వెళ్లలేదు, వాళ్లింట్లో చెయ్యి కడగనన్నాడు. జగ్గమ్మ ఒక్కతే వెళ్లింది. అప్పటి నుంచి ఆ అమ్మాయితో నేను మాట్లాడలేదు. ఆమె కంచం పెట్టి గోడతో "అన్నం పెట్టినాను" అనేది. నేను తినేవాణ్ణి. అంతవరకే.

మూడో రోజు పొద్దున్న తెర మీద పిల్ల పక్కన పుర్రె బొమ్మ వచ్చింది. మందు మీట నొక్కాను. పుర్రె పోలేదు. డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

"రెండు సూదులియ్యాలి," అంది సస్మిత గోడతో. "అత్త అలగే ఇచ్చీది."

మళ్లీ నొక్కాను. పుర్రె పోయింది. పిల్ల ఎగిరింది. నేను గోడకేసి తల ఊపాను.

ఆ మధ్యాహ్నం పాడైన పదమూడూ ముందేసుకున్నాను. పడవల మీద వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు బాగుచేయడం నాకు తెలుసు. అయిదో తరగతి చదువుకి ఆ విద్య ఎక్కువే. ఈ బొమ్మల మరలకు మూడు మూలల తల ఉంటుంది. అలాంటి స్క్రూడ్రైవర్ మా గంజాం ఊళ్లో దొరకదు. సైకిలు పుల్ల ఒకటి తెచ్చి ఆకురాయితో మూడు పక్కలా అరగదీశాను. లోపల బిళ్ల బ్యాటరీలు కారి, రేకుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి మిగతా పని చేసింది. నిమ్మరసంలో ముంచిన దూదితో చిలుము తీశాను. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, రేకు కొంచెం పైకి వంచి, ఉప్పుగాలి తగలకుండా అంచున గ్రీజు రాశాను. పని మొదలెట్టిన నాలుగో రోజుకి ఒకటి పలికింది.

మొగుడు దొరికాడనుకున్నాను. వెంటనే జగ్గమ్మ పెట్టిన నియమం గుర్తొచ్చింది. ఒక కప్పు కింద పుట్టినవాళ్లు అన్నాచెల్లెళ్లు. ఇంట్లో రెండు బొమ్మలు పెంచి వాటికే పెళ్లి చేయడం ఆమెకు తప్పు. తమ్ముడిది వేరే ఇల్లు కాబట్టి మేనరికం కుదిరింది. బొమ్మలకు వరసలేమిటని నేను ఆమెను ఎన్నోసార్లు ఎద్దేవా చేశాను.

ఇప్పుడు నేను తప్పు చేస్తే ఎవరికీ తెలియదు. కానీ వైకుంఠరావు వచ్చి మొదట అడిగేది అదే. అబద్ధం చెప్పి గెలవడం కన్నా ఓడిపోవడం నయం. ఈ బొమ్మలో గుడ్డు వేరే కప్పు కింద పగలాలి. మా పేటలో ఏ ఇంటికి ఇచ్చినా సాయంత్రానికి చంపుతారు. పైగా వాళ్లంతా ఆ రోజు నవ్వినవాళ్లే.

సస్మిత గుమ్మంలో కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతోంది.

"మీ అమ్మకి కళ్లు బాగా కనబడతాయా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

"నన్నేనా అడిగీది?"

"ఇంట్లో ఇంకెవులున్నారు?"

"కనబడతాయి. సూదిలో దారం ఎక్కిస్తాది."

"ఓపికుందా?"

"రెండేళ్లు నోరు మూసుకుని అత్తారింట్లో ఉండీలాగ నన్ను పెంచింది కదా మావయ్యా. ఓపిక లేకుండా ఉంటాదా?"

నేను బొమ్మా, విడిగా బ్యాటరీలూ ఆమె ముందు పెట్టాను. "బ్యాటరీలు అక్కడే ఎయ్యాలి. గుడ్డు ఆళ్లింట్లో పగలాలి. పది రోజుల్లో పెళ్లీడుకొస్తాడు."

"మగోడేనని ఎలా తెలుసు?"

"ఈ బొమ్మలో పుట్టీదంతా మగోళ్లే. మీ అత్త ఆటి మీద సున్నంతో గుర్తెట్టింది."

ఆమె ఆ గుర్తు చూసింది. "అయితే ఇది కుండమార్పిడి. మా ఇంటి పిల్ల మీ ఇంటికొచ్చింది. మీ పిల్లకి మా ఇంటోడు." చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, పదకొండు గంటల బస్సుకే ఛత్రపూర్ వెళ్లింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది.

*

రోజూ పదింటికి వియ్యపురాలు ఫోను చేసేది. సస్మిత స్పీకరు పెట్టేది. ఆమె ఒడియాలో మాట్లాడేది, నాకు ఒడియా మా భాషంత బాగా వచ్చు. గుడ్డు పగిలిందట. కళ్లు పెద్దవట. ఒళ్లు చేస్తున్నాడట. ఇంకా ఒళ్లు చేశాడట. నాకు బాగానే అనిపించింది.

నా పిల్లకు ముప్పై ఆరో రోజున ఇద్దరం ఛత్రపూర్ వెళ్లాం. ఆ ఇంటి గడప నేను తొక్కడం అదే మొదలు. వియ్యపురాలు కాళ్లకు నీళ్లిచ్చింది. కొంగు ముడి విప్పి బొమ్మ చేతిలో పెట్టింది. దాని నెత్తిన కుంకుమ బొట్టు ఉంది.

తెర మీద వాడు గుండ్రంగా, ఆ పక్క నుంచి ఈ పక్కకి తెర నిండా ఉన్నాడు. కదలలేకపోతున్నాడు. పక్కన పుచ్చిపోయిన పన్ను గుర్తు.

రెండు బొమ్మల తలలూ ఆనించి మీట నొక్కాను. వాడు అడ్డంగా తలాడించాడు. మళ్లీ నొక్కాను. మళ్లీ తలాడించాడు.

"దీనికేటి పెట్టినారు?" అన్నాను.

"మిఠాయి," అంది వియ్యపురాలు.

"అన్నం మీట?"

"పెళ్లికొడుక్కి వట్టన్నమా సముదీ? మా ఇంట్లో అలా పెట్టం." సముదీ అంటే వాళ్ల భాషలో వియ్యంకుడు. ఆమె నిజంగానే నొచ్చుకుంది. "పద్నాలుగు రోజులూ మిఠాయే పెట్టాను. ఒక్క పూట తప్పలేదు."

నేను చెప్పులు వేసుకున్నాను. నోటికి ఏం వచ్చిందో ఇక్కడ రాయను. సస్మిత గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అరిస్తే ఆడు సన్నబడతాడా మావయ్యా?"

"నాలుగు రోజులే ఉంది."

"నాలుగు రోజులుంది కదా."

బొమ్మలో ఒక ఆట ఉంది. పిల్ల కుడికి తిరుగుతుందో ఎడమకు తిరుగుతుందో ముందే చెప్పాలి. అయిదింటిలో మూడు సరిగ్గా చెబితే బరువు అంకె ఒకటి తగ్గుతుంది. వాడు యాభై ఆరు ఉన్నాడు. పెళ్లికి ఒప్పుకోవాలంటే ముప్పైకి రావాలి. చెప్పులు విప్పి చాప మీద కూర్చున్నాను.

నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. నా బొటనవేలు నొప్పి పుడితే సస్మిత ఆడింది. ఆమె వంటకు లేస్తే వియ్యపురాలు ఆడింది. మొదటి పూట కుడి అన్నప్రతిసారీ ఎడమ తిరిగాడు. రెండో రోజు సస్మిత పట్టింది, రెండుసార్లు ఒకే వైపు తిరిగితే మూడోసారి రెండో వైపు తిరుగుతున్నాడని. ఆ తర్వాత బరువు తగ్గడం మొదలైంది. నలభై ఎనిమిది. నలభై ఒకటి. మధ్యలో వియ్యపురాలి చెయ్యి ఒకసారి మిఠాయి మీటకేసి వెళ్లింది. నేను చూశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నాలు పఖాళ పెట్టేవాళ్లు, పులిసిన నీళ్లన్నం. పక్కన నలిపిన వడియాలు, వేయించిన ఎండుచేప. మొదటి రోజు ఆమె విసనకర్ర పట్టుకుని అంది:

"పెళ్లికొచ్చి ఉంటే ఇంతకన్నా మంచిది పెట్టేవాళ్లం సముదీ."

"ఉప్పు సరిపోయింది," అన్నాను. ఇంకో కంచం తిన్నాను.

నలభయ్యో రోజు మధ్యాహ్నం వాడు ముప్పైకి వచ్చాడు. నా పిల్ల అప్పటికే ఒక మూలన కూర్చుని ఉంది. పిలిస్తే ఆలస్యంగా లేస్తోంది. తలలు ఆనించాను. మీట నొక్కమని సస్మితకు చెప్పాను.

వాడు ఒక అడుగు వేశాడు. నా పిల్ల ఒక అడుగు వేసింది. రెండు బొమ్మలూ ఒకేసారి పాట మొదలెట్టాయి. తెరల నిండా చుక్కలు పేలాయి. వియ్యపురాలు నాలుక ఆడించి గట్టిగా హుళహుళి పెట్టింది, వాళ్లలో పెళ్లికి ఆడవాళ్లు పెడతారు. ఆ చప్పుడుకు పక్కింటి వాళ్లు పరిగెత్తుకొచ్చి పెళ్లికూతురు ఏదని అడిగారు. ఆమె నా చేతిలోది చూపించింది.

తెల్లారేసరికి గుడ్డు. అంకె చూశాను. యాభై నాలుగు.

గుడ్డు పెట్టినది ఒక్క పగలు ఎక్కువ ఉంటుంది. పాతది ఆ పగలంతా గుడ్డు పక్కనే ఉండి, పొద్దుగూకేముందు తెర అంచు దాటి వెళ్లిపోయింది. జగ్గమ్మ చేతుల్లో పుట్టిన ఆఖరిది అదే. గంజాం బస్సులో సస్మిత కిటికీ పక్క సీటు నాకిచ్చింది. దారంతా బయటికే చూశాను. ఆమె ఏమీ అడగలేదు. అది నాకు నచ్చింది.

*

ఆ తర్వాత పని ఆగలేదు. మిగిలిన పన్నెండింటిలో ఎనిమిది లేచాయి. నాలుగింటి తెరలు పగిలిపోయి ఉన్నాయి. వాటిని తుడిచి అలాగే ఉంచాం. బాగైనవాటిలో ఒకటి రంభ ఊళ్లో ఉండే సస్మిత స్నేహితురాలు పట్టుకెళ్లింది. ఇంకొకటి పోస్టాఫీసు దగ్గరి టైలరు భార్య. ఎవరికిచ్చినా నేను ముందు అన్నం మీట చూపించేవాణ్ణి.

జూన్ మొదట్లో ఒక రోజు పిల్ల తెర మసకబారింది. బ్యాటరీ అయిపోయింది. పాతది తీసి కొత్తది వేసేటప్పుడు నిమిషం దాటితే లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది. మరలు విప్పాను. చెమటకు వేళ్లు జారుతున్నాయి. మోకు లాగిన వేళ్లు, లావువి.

"నువ్వు మార్చు," అన్నాను.

"నానా?"

"నీ వేళ్లు సన్నం."

ఆమె పాతవి తీసింది. ఒకటి కింద పడి దొర్లింది, దాన్ని చూడలేదు. కొత్తవి వేసింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. ఇరవై రెండుకి తెర వెలిగింది. పిల్ల ఉంది. యాభై నాలుగు ఉంది. ఆ పూట రాజా ఫోను చేస్తే సస్మిత వాడికి ఇదంతా చెప్పింది. వాడు నమ్మక ఫోను నాకిమ్మన్నాడు.

"నాన్నా, నువ్వు సస్మితతో మాటాడుతున్నావట?"

"పని ఉంది, మాటాడుతున్నాను," అని పెట్టేశాను.

*

నిషేధం ముగిసిన పొద్దున్న ఒడ్డున పడవలకు పసుపు రాసి కొబ్బరికాయలు కొడుతున్నారు. వైకుంఠరావు తొమ్మిదింటికి వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి. డబ్బా పట్టుకెళ్లడానికి. పేటలో వాళ్లు అప్పటికే మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ రోజు నవ్వినవాళ్లందరూ ఉన్నారు.

పిల్లను వాడి చేతిలో పెట్టాను. వాడు అంకె చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇంట్లోదానికే కట్టబెట్టినావా బావా? అక్క ఒప్పుకోదు."

"ఛత్రపూర్ సంబంధం. మా వియ్యపురాలింట పుట్టినోడు."

సస్మిత ఫోనులో ఫోటో చూపించింది. కుంకుమ బొట్టు బొమ్మ, వెనక వాళ్ల అమ్మ. వైకుంఠరావు ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. జనంలో ఎవరో దగ్గారు.

"తప్పయిపోయింది బావా," అన్నాడు నేలకేసి.

"వినబళ్లేదు."

"తప్పయిపోయింది. ఆ మాట అనకూడదు. నువ్వు సాకగలవు."

అందరూ విన్నారు. నాకు అది చాలు. బిస్కెట్ల డబ్బా తీసి వాళ్లందరి ముందే సస్మిత చేతిలో పెట్టాను. "బయటిచ్చినాటితో కలిపి పద్నాలుగూ నీయి," అన్నాను. ఆమె రెండు చేతులా పట్టుకుంది.

వైకుంఠరావు వెళ్లలేదు. చొక్కా జేబులోంచి తన బొమ్మ తీశాడు. మీసం ఉన్నట్టు రెండు గీతలతో ఒక పిల్లాడు, మూలన కూర్చుని ఉన్నాడు.

"ముప్పై ఎనిమిదో రోజు బావా. కిందటోడికి ఎలాగో ఒక జోడు కుదిరింది, ఈడికి బరంపురంలో దొరకలేదు. పిల్ల ఎలాగూ నా దగ్గరికి వస్తాదనుకున్నాను." బొమ్మ నా ముందుకి చాపాడు. "ఓ సారి తలలు ఆనిద్దువా?"

"నన్నడుగుతావేటి? ఇంటి ఆడమనిషి అక్కడుంది. అడుగు."

రెండేళ్లలో వాడు ఆ అమ్మాయి పేరు పలకలేదు. ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా సస్మితా..."

"కూర్చోండి మావయ్యా," అంది ఆమె. మంచినీళ్లిచ్చింది. వాడు తాగేదాకా ఆగింది. "ఒకటే ఇబ్బంది. మీలో మేనరికం మంచిదే. మా వాళ్లలో మామ కొడుకుని సేసుకుంటే పాపం. ఈ పిల్ల తండ్రి మా ఇంటోడు కదా. మా అమ్మ ఒప్పుకోవాలి. పైగా రంభ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది."

"ఫోను సెయ్యమ్మా, నాను మాటాడతాను."

"పెళ్లి మాటలు ఫోనులోనా?" ఆమె నిజంగా ఆశ్చర్యపోయినట్టు చూసింది. "పదకొండింటికి ఛత్రపూర్ బస్సుంది. తాంబూలం పట్టుకెళ్లండి. ఒట్టి సేతుల్తో ఎల్తే అమ్మకి కోపం."

గుమ్మం దగ్గర మొదట ఆడవాళ్లు నవ్వారు. తర్వాత అందరూ. వైకుంఠరావు బొమ్మను చూసుకున్నాడు. రెండు రోజులు. లేచి నిలబడ్డాడు. ఆ రోజు మొదటిసారి వాడి చొక్కా నలిగి ఉండడం చూశాను.

"బావా," అన్నాడు నా దగ్గరికి వచ్చి, మెల్లగా. "ఆళ్లింట్లో ఏటి పెడతారు?"

"పఖాళ. రెండు కంచాలు తినాలి. వంక పెట్టినావంటే రంభ సంబంధం ఖాయం సేసేస్తాది."

వాడు ఖాళీ సంచి పట్టుకుని తమలపాకుల కోసం బజారు వైపు నడిచాడు. ఒడ్డు నుంచి నన్ను పిలుస్తున్నారు. వెళ్లి పడవకి భుజం ఆనించాను.

వాడు తప్పొప్పుకున్నాడు. నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ పడవ మొదటి అల ఎక్కి దిగేదాకా నాకు నవ్వు ఆగలేదు.